ఫైలు పెట్టే ముందు ఒకసారి వైఫై ఆపి చూడండి

మా పిన్ని కూతురు బ్యాంకు క్లర్కు ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ రాత్రి పదింటికి ఫోన్ చేసింది. "అక్కా, ఫోటో ఎక్కట్లేదు. సైజు ఎక్కువుందట. రేపే ఆఖరు తేదీ" అంది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. "నెట్లో వెతికితే సైజు తగ్గించే సైట్లు బోలెడు వస్తాయి, ఏదో ఒకదాంట్లో తగ్గించేయవే" అన్నాను. పది నిమిషాల్లో పని అయిపోయింది.

మర్నాడు ఆ సైటేమిటో అడిగి నేనూ తెరిచి చూశాను. ఎవరు నడుపుతున్నారో ఎక్కడా లేదు. ఎక్కించిన ఫైళ్లను ఎన్నాళ్లు ఉంచుకుంటారో ఒక్క ముక్క రాయలేదు. ఆ సైటుకు మా చెల్లెలు ఇచ్చినవి నాలుగు: ఫోటో, సంతకం, ఎడమ బొటనవేలి ముద్ర, చేత్తో రాసిన డిక్లరేషన్. ఒకరి పేరుతో ఇంకొకరు దొంగ కాగితాలు పుట్టించాలంటే ఇంతకన్నా ఏం కావాలి? సలహా ఇచ్చింది నేనే కాబట్టి ఆ బరువు నా మీదే పడింది.

అప్పటి నుంచి ఏ వెబ్ పనిముట్టును చూసినా ముందు ఒకటే అడుగుతాను. పని నా బ్రౌజర్‌లోనే జరుగుతోందా, లేక నా ఫైలు ఎవరి సర్వర్‌కో, అంటే ఎక్కడో ఉన్న వాళ్ల కంప్యూటర్‌కో, వెళ్లి వస్తోందా? ఉచితమా, అందంగా ఉందా, తొందరగా అవుతుందా అన్నవి ఆ తర్వాతే. పైకి రెండు రకాలూ ఒక్కలాగే కనిపిస్తాయి. రెండింట్లోనూ ఒక పెట్టె ఉంటుంది, అందులో ఫైలు వేస్తాం, బటన్ నొక్కితే కొత్త ఫైలు దిగుతుంది. కానీ ఒకటి మన వంటింట్లో మనం వండుకున్నట్టు, ఇంకొకటి బయటికి పంపి వండించుకున్నట్టు.

తేడా తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. సైటు తెరవండి. ఎవరిదీ కాని ఒక బొమ్మను, చెట్టు ఫోటోనో గోడ ఫోటోనో, ఒకసారి అందులో వేసి చూడండి. కొన్ని పనిముట్లు మొదటిసారి వాడినప్పుడే తమకు కావలసిన సరంజామా దింపుకుంటాయి కాబట్టి ఈ మెట్టు అవసరం. ఇప్పుడు వైఫై, డేటా రెండూ ఆపి ఇంకో బొమ్మ వేయండి. పని జరిగిందంటే అది మీ కంప్యూటర్లోనే జరుగుతున్నట్టు. చక్రం తిరుగుతూ ఆగిపోతే ఫైలు బయటికి వెళ్లాల్సిందేనన్నమాట. అసలు కాగితాలకు కూడా నెట్ ఆపేసి పని చేసుకుని, ఆ ట్యాబ్ మూసేశాకే మళ్లీ నెట్ పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఫోటో, సంతకం తగ్గించడానికి

బ్యాంకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ అడిగే కొలతలు చూడండి. ఫోటో 200 బై 230 పిక్సెళ్లు, 20 నుంచి 50 కేబీ. సంతకం 140 బై 60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ. వేలిముద్ర 240 బై 240, 20 నుంచి 50 కేబీ. డిక్లరేషన్ 800 బై 400, 50 నుంచి 100 కేబీ. కింది హద్దు కూడా ఉందని చాలామంది గమనించరు. మరీ తగ్గించి 12 కేబీ ఫోటో పెట్టినా తిప్పికొడుతుంది.

ఈ పనికి నేను మొదట చెప్పేది స్క్వూష్ అనే సైటు. గూగుల్ క్రోమ్ బృందం వాళ్లు 2018లో తెచ్చారు, ఉచితం, ఖాతా అక్కర్లేదు, పైన చెప్పిన వైఫై పరీక్షలో నెగ్గుతుంది. తెర మధ్యలో ఒక నిలువు గీత ఉంటుంది. దానికి ఒకవైపు అసలు ఫోటో, ఇంకోవైపు తగ్గించినది. రీసైజ్‌లో వెడల్పు, ఎత్తు వేసి, మోజ్‌జేపెగ్ (జేపీజీ ఫైలు ఇచ్చే పద్ధతి) ఎంచుకుని, క్వాలిటీ మీటను జరుపుతుంటే ఎన్ని కేబీలు వచ్చిందో అప్పటికప్పుడు కింద కనిపిస్తుంది. ముఖం ఎక్కడ మసకబారుతోందో కళ్లతో చూస్తూ ఆపుకోవచ్చు. "50 కేబీకి తగ్గించు" అని మాత్రమే ఉండే సైట్లలో ఈ వీలు ఉండదు.

దీనికి ఒక లోటుంది. ఇందులో ఫోటోను మనకు కావలసిన చోట కత్తిరించలేం. ఫోన్‌లో తీసిన పొడుగాటి ఫోటోను నేరుగా 200 బై 230కి లాగితే ముఖం సాగిపోతుంది. కాబట్టి ముందే ఫోన్ గ్యాలరీలో ఆ నిష్పత్తికి దగ్గరగా కత్తిరించుకుని, ఆ తర్వాత స్క్వూష్‌లో వేయాలి.

కత్తిరించడం, వెనక తెలుపు రంగు వేయడం, సంతకం కాగితం మీది నీడ తీసేయడం కూడా కావాలంటే ఫోటోపియా. ఇది కూడా మన బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, ఫైలు బయటికి పోదు. ఫోటోషాప్ తెలిసినవాళ్లకు కొత్తగా నేర్చుకోవాల్సింది దాదాపు ఏమీ లేదు. ఫోటోషాప్‌లో చేసిన పీఎస్‌డీ ఫైళ్లు కూడా తెరుస్తుంది, కాబట్టి పెళ్లి కార్డు డిజైన్ పంపారు, ఎలా చూడాలి అనేవాళ్లకూ పనికొస్తుంది. కానీ పాత కంప్యూటర్లో, 4 జీబీ ర్యామ్ ఉన్నదాంట్లో నెమ్మదిస్తుంది, పక్కన ప్రకటనలు ఉంటాయి, కొత్తవాళ్లకు ఆ మెనూలన్నీ చూస్తే కంగారు పుడుతుంది. మా చెల్లెలికి స్క్వూషే చెప్పాను. ఫోటో స్టూడియోలో పనిచేసే మా తమ్ముడికి ఫోటోపియా చెప్పాను. ఇద్దరూ వాటితోనే ఉన్నారు.

పీడీఎఫ్ సంగతి

పీడీఎఫ్ విషయంలో మనకు తెలియకుండానే చాలా కాగితాలు బయటికి పోతాయి. ఐలవ్‌పీడీఎఫ్, స్మాల్‌పీడీఎఫ్ లాంటివి పేరున్న సంస్థలు, మొదటిది స్పెయిన్‌ది, రెండోది స్విట్జర్లాండ్‌ది. ఫైళ్లను మొదటిది రెండు గంటల్లో, రెండోది గంటలో తీసేస్తామని చెబుతాయి. ఊరూ పేరూ లేని సైట్ల కంటే ఇవి ఎంతో నయం. అయినా పని వాటి సర్వర్లలోనే జరుగుతుంది. కాలేజీ నోట్సు, పెళ్లి పత్రిక, వంటల పుస్తకం లాంటివి వాటిలో కలిపినా విడగొట్టినా నష్టం లేదు. బ్యాంకు స్టేట్‌మెంట్, ఫారం 16, ఆసుపత్రి రిపోర్టులు, భూమి కాగితాలు మాత్రం వాటికి ఇవ్వకండి. చాలా పనులకు వాటి అవసరమే లేదు.

ఉదాహరణకు, 40 పేజీల పీడీఎఫ్‌లో మూడు పేజీలే కావాలి. క్రోమ్‌లోనో ఎడ్జ్‌లోనో ఆ ఫైలు తెరిచి ప్రింట్ నొక్కండి. ప్రింటర్ పేరు ఉన్నచోట సేవ్ యాజ్ పీడీఎఫ్ ఎంచుకుని, పేజీల దగ్గర 4-6 అని వేయండి. అంతే, ఏ సైటూ అక్కర్లేదు.

ఈ-ఆధార్‌కు కూడా ఇదే దారి. ఆ పీడీఎఫ్ తెరవాలంటే పేరులో మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లిష్ పెద్దబడిలో, పక్కనే పుట్టిన సంవత్సరం కొట్టాలి. ఆ పాస్‌వర్డ్ తీసేయడానికి జనం "పీడీఎఫ్ అన్‌లాక్" అని వెతికి, దొరికిన సైటులో ఆధార్ ఫైలూ పాస్‌వర్డూ రెండూ ఇచ్చేస్తారు. దయచేసి అలా చేయకండి. క్రోమ్‌లో పాస్‌వర్డ్ కొట్టి తెరిచి, ప్రింట్‌లో సేవ్ యాజ్ పీడీఎఫ్ చేస్తే వచ్చే కొత్త ఫైలుకు తాళం ఉండదు. ఇలా చేసిన ఫైలులో డిజిటల్ సంతకం పనిచేయదు కాబట్టి, అది సరిచూస్తామన్న చోట మాత్రం అసలు ఫైలే ఇవ్వాలి.

ఫారంలో పేరు, తేదీ రాయాలన్నా, సంతకం బొమ్మ అతికించాలన్నా ఫైర్‌ఫాక్స్‌లోనే పీడీఎఫ్ తెరిస్తే చాలు. పైన అక్షరాలు చేర్చే, గీసే, బొమ్మ పెట్టే బటన్లు ఉంటాయి.

నాలుగైదు పీడీఎఫ్‌లను కలిపి ఒకటి చేయాలి, రోజూ ఇదే పని అంటే విండోస్ వాళ్లకు పీడీఎఫ్24 సరైనది. జర్మనీ వాళ్లది, ఉచితం. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, దీనికి రెండు రూపాలున్నాయి. వెబ్‌సైట్‌లో వాడితే ఫైలు వాళ్ల సర్వర్‌కు వెళ్తుంది, కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చేసుకుని వాడితే వెళ్లదు. నేను చెప్పేది ఇన్‌స్టాల్ చేసుకునే దాని గురించే. మ్యాక్ ఉన్నవాళ్లకు ప్రివ్యూలోనే ఈ పనంతా అయిపోతుంది.

తెలుగు పీడీఎఫ్‌ను వర్డ్‌లోకి మార్చడం వేరే కథ. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌ను ఏ సైటులో మార్చినా ఇంగ్లిష్ అక్షరాల గజిబిజే వస్తుంది. ఆ ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతి) కావు. లోపల ఉన్నవి నిజానికి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే, పైకి తెలుగు రూపం తొడుక్కున్నాయి. తప్పు సైటుది కాదు, ఇంకో సైటు వెతకడం కూడా దండగ. అలాంటప్పుడు ఆ పేజీని బొమ్మగా చేసి, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మలోని అక్షరాలను చదివి యూనికోడ్ తెలుగులో ఇస్తుంది. అచ్చు స్పష్టంగా ఉంటే తప్పులు తక్కువ. ఇందులో ఫైలు గూగుల్‌కు వెళ్తుంది, అది తెలిసే చేయాలి. తాతగారి వ్యాసాలకు అయితే నేను నిశ్చింతగా చేశాను.

తెలుగు టైపు చేయడానికి

ఇక్కడ ఎవరికి ఏది నప్పుతుందన్నది వాళ్లు రాసేదాన్ని బట్టి ఉంటుంది. అందుకే అందరికీ ఒకటే అని నేను చెప్పలేను.

గూగుల్ ఇన్‌పుట్ టూల్స్‌లో మనకు తోచినట్టు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టుకుంటూ పోతే అదే ఊహించి తెలుగు మాట ఇస్తుంది. దీర్ఘం ఎక్కడ, ఒత్తు ఎక్కడ అని ఆలోచించక్కర్లేదు. కొత్తవాళ్లకు, ఎప్పుడో ఒకసారి నాలుగు ముక్కలు రాసేవాళ్లకు ఇంతకన్నా తేలిక ఇంకోటి లేదు. ఆ ఊహ వాళ్ల సర్వర్‌లో జరుగుతుంది కాబట్టి నెట్ పోతే ఆగిపోతుంది. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, మాండలికం మాటలు వచ్చేసరికి తడబడుతుంది. ఒక్కో మాటకు జాబితాలోంచి ఏరుకోవాల్సి వస్తే పేజీ పూర్తయ్యేసరికి విసుగొస్తుంది.

లేఖిని అనే సైటు దీనికి పూర్తిగా వ్యతిరేకం. అది ఏమీ ఊహించదు. ఏ మీటకు ఏ అక్షరమో ముందే ఖాయం. చిన్న ఎన్ కొడితే న, పెద్ద ఎన్ కొడితే ణ. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. మొదటి రెండు రోజులు కష్టంగానే ఉంటుంది. ఆ తర్వాత మనం కొట్టింది కొట్టినట్టే వస్తుంది, "మా అత్తోళ్ల ఊరు" అని రాయాలనుకుంటే అలాగే పడుతుంది, ఎవరూ దిద్దరు. మార్పిడి బ్రౌజర్‌లోనే జరుగుతుంది. తెలుగు బ్లాగులు మొదలైన రోజుల్లో ఎంతోమంది తెలుగు టైపింగు దీంతోనే నేర్చుకున్నారు. కథలు, వ్యాసాలు, మాండలికంలో సంభాషణలు రాసేవాళ్లకు నా మొదటి సలహా ఇప్పటికీ ఇదే. ఇబ్బందల్లా, లేఖిని పేజీలో రాసుకుని, అక్కడి నుంచి కాపీ చేసి తెచ్చుకోవాలి.

ఆ కాపీ పని కూడా వద్దనుకుంటే విండోస్‌లోనే తెలుగు ఫొనెటిక్ కీబోర్డు (ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చేది) ఉంది, 2019 నుంచి వస్తోంది. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చి, దాని ఆప్షన్లలో ఫొనెటిక్ కీబోర్డు కలుపుకోవాలి. విండోస్ మీటా స్పేసూ కలిపి నొక్కితే ఇంగ్లిష్, తెలుగు మారుతుంటాయి. వర్డ్‌లో, వాట్సాప్ వెబ్‌లో, బ్యాంకు ఫారంలో, ఎక్కడైనా నేరుగా తెలుగు పడుతుంది. సొంత కంప్యూటర్ ఉన్నవాళ్లకు ఇది మంచిది. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నవాళ్లు, ఆఫీసు కంప్యూటర్లో సెట్టింగులు మార్చే వీల్లేనివాళ్లు లేఖిని తెరుచుకోవచ్చు.

రోజంతా తెలుగు టైపు చేయడమే ఉద్యోగం అనుకునేవాళ్లు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకోండి. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి. ఇంగ్లిష్ స్పెల్లింగు గుండా ఆలోచించే పని ఉండదు. భారతీయ భాషలన్నింటికీ ఒకటే అమరిక కాబట్టి, తెలుగుకు నేర్చుకున్న చేతులతో హిందీ కూడా కొట్టగలరు. నెల రోజుల ఓపిక కావాలి, అంతే.

మాట్లాడి రాయించుకోవడం కూడా ఉంది. గూగుల్ డాక్స్‌ను క్రోమ్‌లో తెరిచి, టూల్స్‌లో వాయిస్ టైపింగ్‌కు వెళ్లి తెలుగు ఎంచుకుని మాట్లాడితే రాస్తుంది. వేళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు నిజంగా ఊరట. ఫుల్‌స్టాప్‌లు, కామాలు తర్వాత చేత్తో పెట్టుకోవాలి. గొంతు సర్వర్‌కు వెళ్తుంది కాబట్టి ఇంటి విషయాలు, ఆస్తి గొడవల ఉత్తరాలు అలా చెప్పి రాయించకండి.

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు

వెబ్‌సైటు మనం ఇచ్చిన ఫైలే చూస్తుంది. ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు మనం తగిలించుకునే చిన్న అదనపు ప్రోగ్రాం, అలా కాదు, అనుమతి ఇస్తే మనం తెరిచే ప్రతి పేజీనీ చూస్తుంది, మార్చగలదు కూడా. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను చదవగలదు, మార్చగలదు" అని అడిగేది అదే. మన బ్యాంకు పేజీ కూడా ఆ "అన్ని"లో ఉంటుంది.

ఇవాళ మంచిదైనది రేపు మంచిగానే ఉండాలని లేదు. ది గ్రేట్ సస్పెండర్ అని క్రోమ్‌కు ఒక ఎక్స్‌టెన్షన్ ఉండేది. ఎక్కువ ట్యాబులు తెరిస్తే వాడనివాటిని నిద్రపుచ్చి ర్యామ్ మిగిల్చేది. 20 లక్షల మందికి పైగా వాడేవారు. 2020లో దాన్ని తయారుచేసినాయన వేరేవాళ్లకు అప్పగించాడు. కొత్త యజమానులు ఎవరో తెలియదు. 2021 ఫిబ్రవరిలో అందులో హానికరమైన కోడ్ ఉందని గూగుల్ దాన్ని ఆపేసింది. వాడేవాళ్ల వైపు నుంచి ఏ తప్పూ లేదు, మామూలుగా అప్‌డేట్ వచ్చింది, అంతే. ఇప్పుడు ఆ పని క్రోమ్‌, ఎడ్జ్‌లలోనే మెమరీ సేవర్ లాంటి పేర్లతో ఉంది. అందుకే బ్రౌజర్‌లోనే ఉన్న వసతికి మళ్లీ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవద్దంటాను.

నేను అందరికీ పెట్టిచ్చే ఎక్స్‌టెన్షన్ ఒకటే, ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్. ప్రకటనలు చిరాకు పెడతాయని మాత్రమే కాదు. పరీక్షా ఫలితాల రోజు, హాల్‌టికెట్ల రోజు పిల్లలు వెతుక్కుంటూ వెళ్లే పేజీల్లో "డౌన్‌లోడ్" అని పచ్చగా మెరిసే దొంగ బటన్లు ఉంటాయి. అసలు లింకు ఎక్కడో కింద సన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ పచ్చ బటన్లు చాలావరకు ప్రకటనలే, దీంతో అవి కనిపించవు. పేరు మొత్తం చూసి పెట్టుకోండి. ఒట్టి యూబ్లాక్ అన్న పేరుతో ఉన్నది వేరేవాళ్లది.

అయితే 2025లో క్రోమ్ పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లను పూర్తిగా ఆపేయడంతో అందులో ఇది నడవదు. దానికి బదులు యూబ్లాక్ ఆరిజిన్ లైట్ ఉంది. శక్తి కాస్త తక్కువ, మామూలు వాడకానికి చాలు. పూర్తిది కావాలంటే ఫైర్‌ఫాక్స్‌కు మారాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా ఫైర్‌ఫాక్స్ దీన్ని పెట్టుకోనిస్తుంది. ఇంట్లో పనులన్నీ ఫోన్‌లోనే చేసేవాళ్లకు నేను ఫైర్‌ఫాక్స్ చెప్పడానికి ఇదొక్కటే కారణం. క్రోమ్‌కు అలవాటుపడినవాళ్లను మారమని బలవంతం చేయను. లైట్ పెట్టి వదిలేస్తాను.

పాస్‌వర్డ్‌లు

అన్ని ఖాతాలకూ ఒకటే పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లు ముందు ఆ పద్ధతి మానడం ముఖ్యం. ఏ పనిముట్టుతో మానతారన్నది రెండో విషయం.

ఒకే ఫోన్, ఒకే కంప్యూటర్, రెండింట్లోనూ క్రోమే అంటే, క్రోమ్‌లో ఉన్న పాస్‌వర్డ్ మేనేజరే (పాస్‌వర్డ్‌లను మన బదులు గుర్తుపెట్టుకునేది) చాలు. ఒక్క జాగ్రత్త. ఇంటర్నెట్ సెంటర్లో క్రోమ్‌కు మీ ఖాతాతో సింక్ పెడితే పాస్‌వర్డ్‌లన్నీ ఆ కంప్యూటర్లోకి దిగుతాయి. అక్కడ గెస్ట్ విండోలోనే పని చూసుకోండి.

రకరకాల బ్రౌజర్లు, ఫోన్లు వాడేవాళ్లకు బిట్‌వార్డెన్. ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని పరికరాలైనా ఉచితమే, కోడ్ అందరూ చూడవచ్చు. నిల్వ వాళ్ల సర్వర్‌లో ఉన్నా మన దగ్గర తాళం పడ్డాకే వెళ్తుంది. ఆ తాళం ఎంత గట్టిదన్నది మనం పెట్టే మాస్టర్ పాస్‌వర్డ్ (మిగతా అన్నింటినీ తెరిచే ఒక్క పాస్‌వర్డ్) మీద ఉంటుంది. 2022లో లాస్ట్‌పాస్ అనే ఇంకో పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి ఇలాంటి నిల్వల నకళ్లు దొంగల చేతికి వెళ్లాయి. పొట్టి మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లకే అప్పుడు ఎక్కువ భయం. నాలుగైదు సంబంధం లేని తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో వరసగా కలిపి పెట్టుకుంటే గుర్తుంటుంది, ఊహించడమూ కష్టం. సర్వర్ మాటే వద్దనుకునేవాళ్లకు కీపాస్‌ఎక్స్‌సీ. అంతా ఒక్క ఫైలులో, మన కంప్యూటర్లోనే ఉంటుంది. ఆ ఫైలుకు నకలు తీసి వేరేచోట దాచే బాధ్యత మనదే.

మా అమ్మకు మాత్రం ఇవేవీ పెట్టలేదు. ఆమెకున్నవి నాలుగు ఖాతాలు. వాటికి నాలుగు వేర్వేరు పాస్‌వర్డ్‌లు పెట్టించి, ఒక చిన్న నోటుబుక్కులో రాయించాను. అది బీరువాలో చీరల కింద ఉంటుంది. నెట్లో ఎవరూ దాన్ని తెరవలేరు.

జిరాక్స్ షాపులో

ఇంత జాగ్రత్తపడ్డాక, చివరికి ఆధార్ కాగితం ప్రింటు కోసం షాపాయన నంబరుకు వాట్సాప్‌లో పంపిస్తాం. తర్వాత మన ఫోన్‌లో డిలీట్ చేసినా, ఆయన కంప్యూటర్లో డౌన్‌లోడ్ అయిన ఫైలు అలాగే ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, అందులోంచే ప్రింటు ఇప్పించుకుని, వెనక్కి తెచ్చుకోవడం మేలు. ఆధార్ అయితే, దాన్ని ఇచ్చే యూఐడీఏఐ సంస్థ సైటులో మాస్క్‌డ్ కాపీ దించుకోండి, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

ఇంట్లో ఫోన్ నుంచి కంప్యూటర్‌కు ఫైలు పంపడానికి కూడా మనకు మనమే వాట్సాప్ చేసుకునే అలవాటుంది. మామూలుగా పంపితే ఫోటో నాణ్యత పోతుంది. రెండు పరికరాలూ ఒకే వైఫైలో ఉంటే రెండింట్లోనూ పెయిర్‌డ్రాప్ సైటు తెరవండి. ఒకదానికొకటి కనిపిస్తాయి, పేరు మీద నొక్కి ఫైలు పంపితే నేరుగా వెళ్తుంది. ఖాతా లేదు, యాప్ లేదు, సర్వర్‌లో నిల్వ లేదు. మా చెల్లెలు కిందటి వారం ఇంకో దరఖాస్తు పెట్టింది. ఫోన్‌లో ఫోటో కత్తిరించి, పెయిర్‌డ్రాప్‌తో ల్యాప్‌టాప్‌కు పంపి, స్క్వూష్‌లో 38 కేబీకి తెచ్చి ఎక్కించేసింది. ఆఖరు తేదీకి ఇంకా ఆరు రోజులుంది.